టిగ్ టార్చ్ విప్పి చూస్తే

చాలా ఏళ్ల కిందటి మాట. జీడిమెట్లలో ఒక మందుల కంపెనీకి స్టెయిన్‌లెస్ స్టీలు పైపులైను వేస్తున్నాం. 316ఎల్ రకం పైపు, గోడ మందం 1.65 మిల్లీమీటర్లు. నేను వెల్డింగ్‌లోకి వచ్చి అప్పటికి రెండేళ్లే. మేం చేసేది టిగ్ వెల్డింగ్: టంగ్‌స్టన్ కడ్డీ కొన నుంచి ఆర్క్, అంటే కరెంటు మంట, కొట్టి లోహాన్ని కరిగించి అతికిస్తాం, దానికి గాలి తగలకుండా చుట్టూ ఆర్గాన్ గ్యాస్ వదులుతాం. ఆ కడ్డీనీ గ్యాస్‌నూ మోసే చేతిపిడినే టార్చ్ అంటాం. ఆ రోజు పొద్దున్నుంచి వేసిన ప్రతి జాయింటులోనూ సూదిమొన బెజ్జాలు. టంగ్‌స్టన్ కొన బొగ్గులా నల్లబడుతోంది. గ్యాస్ నిమిషానికి 8 లీటర్ల నుంచి 12కి పెంచాను, 15కి పెంచాను. పెంచినకొద్దీ నలుపు ఎక్కువైందే తప్ప తగ్గలేదు. సిలిండర్ మార్చాం, టంగ్‌స్టన్ మార్చాం, చివరికి టార్చ్‌ను పక్క మిషన్‌కు కలిపి కూడా చూశాం.

టీ టైముకి మా మేస్త్రీ వచ్చారు. "ఇంకొంచెం గ్యాస్ పెంచమంటారా బాబాయ్?" అని అడిగాను. "మిషన్ జోలికి పోకురా, టార్చ్ విప్పు" అన్నారు. వెనక క్యాప్ తిప్పి తీసి, దాని మెడకున్న నల్ల రబ్బరు రింగును గోటితో లాగి, వెలుతురుకు ఎదురుగా పెట్టి చూపించారు. వెంట్రుక మందాన పగులు. ఆ సందులోంచి టార్చ్ బయటి గాలిని లోపలికి లాక్కుంటోంది. నేను గ్యాస్ జోరు పెంచేకొద్దీ ఆ లాగుడు కూడా పెరిగింది. రింగు మార్చాక మొదటి జాయింటే లేత బంగారు రంగులో వచ్చింది.

టిగ్ వెల్డింగ్ నేర్పేవాళ్లు చేతి వాటం గురించి, కరిగిన లోహపు మడుగులో రాడ్ (అదనపు లోహపు కడ్డీ) ముంచే తీరు గురించి చాలా చెబుతారు. టార్చ్ గురించి చెప్పేవాళ్లు తక్కువ. చేతిలో పట్టుకునే ఆ చిన్న పిడిలోంచి మూడు దారులు పోతున్నాయి: కరెంటు, ఆర్గాన్, వేడి. టార్చ్ పాడైనా, జాయింటు పాడైనా, మనిషికి దెబ్బ తగిలినా, వీటిలో ఏదో ఒకటి తన దారి తప్పిందని అర్థం. ఏది తప్పిందో కనిపెట్టడం వస్తే సగం పని అయిపోయినట్టే.

ఎక్కడినుంచి వచ్చింది

మన వర్క్‌షాపుల్లో దీన్ని ఆర్గాన్ వెల్డింగ్ అంటాం గానీ, పుట్టినప్పుడు ఇందులో ఆర్గాన్ లేదు. అమెరికాలో నార్త్రాప్ విమానాల కంపెనీ మెగ్నీషియంతో విమానం కట్టాలనుకుంది. మెగ్నీషియం వేడెక్కితే గాలి తగలగానే అంటుకుంటుంది. దాన్ని అతికించడానికి రస్సెల్ మెరిడిత్ అనే ఇంజినీరు టంగ్‌స్టన్ కడ్డీతో ఆర్క్ కొట్టి, చుట్టూ హీలియం గ్యాస్ వదిలే టార్చ్ తయారు చేశాడు. 1942లో పేటెంట్ వచ్చింది. హీలియంతో కొట్టే ఆర్క్ కాబట్టి హీలియార్క్ అన్నారు. తర్వాత హీలియం కన్నా చవకైన, బరువైన ఆర్గాన్ ఆ చోటు తీసుకుంది. గాలి కన్నా దాదాపు 1.4 రెట్లు బరువు కాబట్టి ఆర్గాన్ పని (వెల్డింగ్ చేసే ముక్క) మీద దుప్పటిలా పరుచుకుని నిలుస్తుంది. ఈ బరువే ఇంకోచోట మనిషి ప్రాణం తీస్తుంది. ఆ సంగతి కిందకి వస్తాను.

టంగ్‌స్టన్‌నే ఎంచుకోవడానికి కారణం, లోహాలన్నిటిలోకీ ఎక్కువ వేడికి కరిగేది అదే. 3,422 డిగ్రీల సెల్సియస్ దాకా తట్టుకుంటుంది. కానీ ఎర్రగా కాలి ఉన్నప్పుడు గాలి తగిలితే మాత్రం తట్టుకోలేదు. నిమిషాల్లో పొరలు పొరలుగా ఆక్సైడ్ అయి రాలిపోతుంది.

కరెంటు దారి

స్టీలు, స్టెయిన్‌లెస్, రాగి, టైటానియం పనులకు డీసీ (ఒకే దిశలో పారే కరెంటు) పెట్టి, టార్చ్‌ను మైనస్‌కు, ఎర్త్ కేబుల్‌ను ప్లస్‌కు కలపాలి. అప్పుడు ఆర్క్ వేడిలో దాదాపు మూడింట రెండు వంతులు పని మీద పడుతుంది, మిగతాది టంగ్‌స్టన్ మీద. తారుమారు చేస్తే ఆ పెద్ద వాటా టంగ్‌స్టన్‌కు వస్తుంది. చెక్కిన కొన కళ్లముందే కరిగి గుండుగా మారి, బొట్టుగా జారి జాయింటులో పడుతుంది. ఒకే మిషన్ మీద మామూలు రాడ్ వెల్డింగూ, టిగ్గూ చేసే చోట ఈ పొరపాటు ఎక్కువ. రాడ్ వెల్డింగ్‌కు హోల్డర్‌ను చాలాసార్లు ప్లస్‌కే పెడతాం. దాన్ని తీసి అదే సాకెట్‌లో టార్చ్ గుచ్చేస్తాం.

అల్యూమినియంకు ఏసీ కావాలి. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, పైన పట్టిన ఆక్సైడ్ పొర మాత్రం 2,070 డిగ్రీలు దాటితే గాని కరగదు. ఏసీలో కరెంటు దిశ మారిన ప్రతిసారీ ఒక సగం ఆ పొరను చీల్చి శుభ్రం చేస్తుంది, ఇంకో సగం లోహాన్ని కరిగిస్తుంది. శుభ్రం చేసే సగంలో వేడి టంగ్‌స్టన్ మీద పడుతుంది కాబట్టి, అదే టార్చ్ డీసీలో మోసినంత కరెంటును ఏసీలో మోయలేదు.

టార్చ్ నంబర్లు అందరికీ తెలిసినవే. గాలికి చల్లబడే వాటిలో చిన్నది 9, మన దగ్గర ఎక్కువగా కనిపించేది 17, దానికన్నా పెద్దది 26. ఇవి వరసగా 125, 150, 200 ఆంప్స్ దాకా మోస్తాయి. నీళ్లతో చల్లబడే వాటిలో 20కి 250, 18కి 350. ఈ అంకెలు రోజంతా ఆపకుండా కొట్టడానికి ఇచ్చినవి కావు. డ్యూటీ సైకిల్ 60 శాతం అని రాసి ఉంటే పది నిమిషాల్లో ఆరు నిమిషాలే ఆర్క్, మిగతా నాలుగు నిమిషాలు విశ్రాంతి అని అర్థం. పిడి చేతికి వెచ్చగా తగలడం మామూలే. గ్లౌజు లోంచి కాలుతోందంటే మాత్రం లోపలి రబ్బరు, ఇన్సులేషన్ ఉడుకుతున్నాయన్నమాట.

ఇంకో రకం టార్చ్ గురించి గట్టిగా చెప్పాలి. చిన్న ఇన్వర్టర్ వెల్డింగ్ మిషన్‌కు కలిపే టార్చ్ మీద గ్యాస్ తిప్పే వాల్వ్ ఉంటుంది, స్విచ్ ఉండదు. టంగ్‌స్టన్‌ను పనికి గీరి ఆర్క్ తీస్తారు. దీనికి ఆపే బటన్ లేదు కాబట్టి మిషన్ ఆన్‌లో ఉన్నంతసేపూ ఆ కొనలో కరెంటు ఉన్నట్టే. అలవాటుగా చంకలో ఇరికించుకుని రాడ్ అందుకుంటారు, ఇనుప బల్ల మీద పడేస్తారు. ఆర్క్ లేనప్పుడు మిషన్ చివర్ల మధ్య ఉండే వోల్టేజి సాధారణంగా 60 నుంచి 80. పొడి చర్మానికి అది పెద్ద లెక్క కాకపోవచ్చు. కానీ మే నెలలో చెమటతో తడిసిన చొక్కా వేసుకుని, ట్యాంకు లోపల ఇనుము మీద కూర్చున్న మనిషికి ఆ 80 వోల్టులే చాలు. టార్చ్ తగిలించడానికి ఒక చెక్క మేకో ప్లాస్టిక్ కొక్కెమో పెట్టుకోండి. టంగ్‌స్టన్ మార్చేటప్పుడు మిషన్ ఆపండి. గ్లౌజు తడిస్తే మార్చండి.

హై ఫ్రీక్వెన్సీతో ఆర్క్ తీసే మిషన్లలో మొదటి నిప్పురవ్వ కోసం వేల వోల్టులు పుడతాయి. కేబుల్ తొడుగు ఎక్కడైనా చిరిగితే ఆ రవ్వ టంగ్‌స్టన్ దాకా రాకుండా అక్కడే దూకుతుంది. పిడి పట్టుకున్నప్పుడు వేలికి చురుక్కుమంటే అది ఊరికే కాదు, ఇన్సులేషన్ పోయిందని కబురు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఇలాంటి మిషన్ దగ్గర పని చేయకూడదు, చూడ్డానికని కూడా పక్కన నిలబడకూడదు.

ఎర్త్ క్లాంపును పని మీదే, జాయింటుకు దగ్గరగా, రంగూ తుప్పూ గీకిన చోట పెట్టాలి. దూరంగా ఎక్కడో షెడ్డు స్తంభానికి తగిలిస్తే తిరుగు కరెంటు తనకు దొరికిన దారి వెతుక్కుంటుంది. ఆ దారి ఒక మోటారు బేరింగ్ కావచ్చు, క్రేన్ తాడు కావచ్చు.

గ్యాస్ దారి

టార్చ్ ముందు భాగం విప్పితే వరసగా సెరామిక్ కప్పు, దాని వెనక కొలెట్ బాడీ, అందులో టంగ్‌స్టన్‌ను బిగించి పట్టే రాగి కొలెట్, వెనక నుంచి కొలెట్‌ను నొక్కే బ్యాక్ క్యాప్ వస్తాయి. కొలెట్ బాడీకి చుట్టూ ఉన్న చిన్న రంధ్రాల్లోంచి ఆర్గాన్ బయటికొచ్చి కప్పులో నిండి కిందకి దిగుతుంది. కప్పు మీద ఉండే నంబరు అంగుళంలో పదహారో వంతుల లెక్క. 6 నంబరు కప్పు అంటే 6/16 అంగుళం, దాదాపు 9.5 మిల్లీమీటర్ల నోరు. 8 నంబరుది అరంగుళం.

గ్యాస్ ఎక్కువైతే మంచిదే కదా అనుకోవడం దగ్గరే చాలామంది తప్పటడుగు వేస్తారు. కుళాయిని కొంచెం తిప్పితే నీళ్లు గాజు కడ్డీలా నిశ్శబ్దంగా పడతాయి. పూర్తిగా తిప్పితే తెల్లగా నురగలు కక్కుతాయి. ఆ తెలుపంతా నీళ్లలో కలిసిన గాలే. ఆర్గానూ అంతే. 6 నంబరు కప్పులో నిమిషానికి 6 నుంచి 8 లీటర్లు ప్రశాంతంగా దిగుతుంది. అందులోకే 15 లీటర్లు తోస్తే సుడులు తిరిగి పక్కనున్న గాలిని కలుపుకుని మరీ మడుగు మీద పోస్తుంది. ఇంకా గ్యాస్ కావాలంటే కప్పు నోరు పెద్దది చేయాలి. గ్యాస్ లెన్స్ అనే జల్లెడ కొలెట్ బాడీని వేస్తే గ్యాస్ మరీ నెమ్మదిగా, ఒకే తీరుగా దిగుతుంది. మామూలు కొలెట్ బాడీతో టంగ్‌స్టన్‌ను కప్పు బయటికి మూడు నుంచి ఆరు మిల్లీమీటర్లు పెట్టడం క్షేమం. గ్యాస్ లెన్స్ ఉంటే మూలల్లోకి వెళ్లడానికి ఇంకా ముందుకు పెట్టుకోవచ్చు. స్టెయిన్‌లెస్ పైపు పని చేసే ప్రతి ఒక్కరూ గ్యాస్ లెన్స్ కొనుక్కోవాలని నా గట్టి నమ్మకం. వంద సెట్టింగులు మార్చి సాధించలేనిది అదొక్కటే సాధిస్తుంది.

ఎండాకాలం ఇంకో శత్రువు ఫ్యాను. రేకుల షెడ్డులో 42 డిగ్రీల వేడిలో ఫ్యాను లేకుండా కూర్చోమని నేను ఎవరికీ చెప్పలేను. ఫ్యాను గాలి మీ వీపుకు తగలాలి, పని మీదకు రాకూడదు. మధ్యలో ఒక రేకు అడ్డం పెడితే సరిపోతుంది.

ఆర్క్ ఆరిన తర్వాత కూడా గ్యాస్ వస్తూ ఉండాలి. టంగ్‌స్టన్ ఎర్రదనం పోయి మళ్లీ వెండి రంగు వచ్చేదాకా దానికి గాలి తగలకూడదు. ప్రతి పది ఆంప్స్‌కు ఒక సెకను అన్న లెక్క నాకు బాగానే కుదిరింది, 80 ఆంప్స్‌కు ఎనిమిది సెకన్లు. ఆ ఎనిమిది సెకన్లూ టార్చ్‌ను జాయింటు చివరి మీదే పట్టుకుని ఉండాలి. ఆర్క్ ఆరగానే టార్చ్ ఎత్తేసి చూసుకునే తొందరలో టంగ్‌స్టన్ నల్లబడుతుంది, జాయింటు చివర గుంట పడి పగులుతుంది. గ్యాస్ మిగులుద్దామని ఆ సెకన్లు తగ్గించే యజమానులను చూశాను. 7 ఘనపు మీటర్ల సిలిండర్‌లో 7,000 లీటర్లుంటాయి. నిమిషానికి 8 లీటర్ల చొప్పున పద్నాలుగు గంటలకు పైగా వస్తుంది. ఎనిమిది సెకన్ల గ్యాస్ అంటే లీటరు చిల్లర. ఒక్క పైపు ముక్క కోసి మళ్లీ వేస్తే అయ్యే ఖర్చుకు అలాంటివి ఎన్ని వందలు వస్తాయో లెక్క వేసుకోండి.

మన దేశంలో ఆర్గాన్ సిలిండర్‌కు నీలం రంగు. నిండు సిలిండర్‌లో చదరపు సెంటీమీటరుకు 150 కిలోల దాకా ఒత్తిడి ఉంటుంది. దాన్ని గోడకో బండికో గొలుసుతో కట్టాలి. పడిపోయి మెడ దగ్గర వాల్వ్ విరిగితే ఆ ఇనుప దిమ్మె రాకెట్‌లా దూసుకుపోతుంది. రెగ్యులేటర్ బిగించే ముందు వాల్వ్‌ను ఒక్క క్షణం తెరిచి మూస్తే నోట్లో ఉన్న దుమ్ము ఎగిరిపోతుంది. అప్పుడు ఎదురుగా ఎవరూ ఉండకూడదు. రెగ్యులేటర్ పిడి వదులు చేశాకే సిలిండర్ వాల్వ్‌ను మెల్లగా, పక్కన నిలబడి తెరవాలి. గ్యాస్ గొట్టాల జాయింట్లన్నిటికీ సబ్బు నురగ రాయండి. బుడగ వచ్చిన చోట లీకు. సిలిండర్ భుజం మీద చెక్కిన పరీక్ష తేదీ కూడా చూడండి. ఇలాంటి అతుకులేని సిలిండర్లకు అయిదేళ్లకోసారి నీటి ఒత్తిడి పరీక్ష చేయించాలి.

కొన చెప్పే సాక్ష్యం

టంగ్‌స్టన్ కడ్డీ చివర రంగు గుర్తు ఉంటుంది. ఆకుపచ్చ అంటే శుద్ధ టంగ్‌స్టన్, పాత ట్రాన్స్‌ఫార్మర్ మిషన్ల మీద అల్యూమినియం పనికి వాడేవారు. బూడిద రంగు సీరియం కలిపినది. బంగారు రంగు, నీలం రంగు లాంతనం కలిపినవి, ఒకటిన్నర శాతం, రెండు శాతం చొప్పున. తెలుపు జిర్కోనియం. ఎరుపు రెండు శాతం థోరియం కలిపినది. మన మార్కెట్లో చాలామంది చేయి ఎరుపు మీదకే పోతుంది.

థోరియం రేడియోధార్మిక పదార్థం. ఆ కడ్డీ జేబులో ఉంటే ఏమీ కాదు. అది విడిచే ఆల్ఫా కణాలు చర్మాన్ని దాటి లోపలికి పోలేవు. ప్రమాదం గ్రైండర్ దగ్గర. కొన చెక్కుతుంటే లేచే పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్లి కూర్చుంటే, చర్మం ఆపే ఆ కణాలను లోపల ఆపేది ఏదీ లేదు. మాస్కు లేకుండా, మొహానికి జానెడు దూరంలో రోజుకు ఇరవైసార్లు ఎర్ర టంగ్‌స్టన్ చెక్కే కుర్రాళ్లను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. నీలం కడ్డీ అదే పని చేస్తుంది, డీసీకీ ఏసీకీ రెండింటికీ పనికొస్తుంది. మా షాపులో ఎరుపు మానేశాం. మీకు ఎరుపు తప్పకపోతే దుమ్ము లాగే ఏర్పాటున్న గ్రైండర్, మంచి మాస్కు ఉండాలి. పొడిని ఊడ్చకుండా తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను మూసిన డబ్బాలో వేయాలి.

చెక్కే పద్ధతి ఒకటే. కడ్డీ పొడవు వెంట, చక్రం తిరిగే దారికి కొన ఎదురు పడకుండా పట్టుకుని, వేళ్ల మధ్య సమంగా తిప్పుతూ చెక్కాలి. గీతలు కొన వైపు పరుగెత్తాలి. అడ్డంగా చెక్కితే గీతలు చుట్టూ ఉంగరాల్లా పడతాయి, ఆర్క్ ఆ ఉంగరాల మీద అటూ ఇటూ తచ్చాడుతుంది. చెక్కిన శంకువు పొడవు కడ్డీ మందానికి రెండు, రెండున్నర రెట్లు ఉంటే చాలు. మరీ సూదిలా ఉంటే ఆ మొనే విరిగి జాయింటులో పడుతుంది, అందుకే చివర కొద్దిగా చదును చేయాలి. చక్రం టంగ్‌స్టన్‌కే ప్రత్యేకంగా ఉండాలి. ఇనుప ముక్క చెక్కిన చక్రం మీద చెక్కితే ఆ ఇనుము కొనకు అంటుకుని వస్తుంది.

పని మధ్యలో ఆగి కొన చూడటం నేర్చుకోండి. వెండిలా మెరుస్తుంటే అంతా బాగున్నట్టే. నీలం, ఊదా, నలుపు కనిపిస్తే వేడి మీద గాలి తగిలింది. గ్యాస్ ముందే ఆగి ఉండాలి, లేదా ఎక్కడో లీకు ఉండాలి. పసుపు, పచ్చ కలిసిన పొడి రాలుతుంటే గ్యాస్ దాదాపు రావడమే లేదు. డీసీలో కొన గుండుగా మారితే మైనస్, ప్లస్ తారుమారయ్యాయి, లేదా కడ్డీ మోయలేనంత కరెంటు పెట్టారు. 1.6 మిల్లీమీటర్ల కడ్డీ 150 ఆంప్స్ దాకా, 2.4 కడ్డీ 250 దాకా సుమారుగా మోస్తాయి. కొన మీద బూడిదరంగు ముద్ద ఉంటే మీరు దాన్ని మడుగులో ముంచారు. అప్పుడు ఇంకొంచెం లాగిద్దాం అనుకోవద్దు. ఆపి, ముద్ద ఉన్నంత మేరా తీసేసి మళ్లీ చెక్కాలి.

పట్టుకోవడం గురించి రెండు ముక్కలు. టార్చ్‌ను నిలువు నుంచి 15, 20 డిగ్రీలు వెనక్కి వాల్చి, కొనకూ మడుగుకూ మధ్య కడ్డీ మందమంత ఎడం ఉంచండి. వాల్పు ఎక్కువైతే కప్పు వెనక నుంచి గాలి దూరుతుంది. రాడ్ చివరను ముంచిన తర్వాత కూడా గ్యాస్ దుప్పటి కిందే ఉంచండి. బయటికి లాగితే ఎర్రగా ఉన్న ఆ చివర ఆక్సైడ్ పట్టి, తర్వాతి ముంపులో మడుగులోకి వెళ్తుంది. గల్ఫ్‌కు వెళ్లే మనవాళ్లు 6జీ పరీక్షలో, 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగించిన పైపు చుట్టూ వంగి వేయాల్సిన మొదటి పొరలో (రూటు), చాలాసార్లు ఓడిపోయేది ఈ రెండు చోట్లే.

కళ్లు, ఊపిరి

టిగ్‌లో పొగ తక్కువ కాబట్టి హాయిగా ఉందనిపిస్తుంది. ఆ పొగ లేకపోవడం వల్లే అతినీలలోహిత కిరణాలు అడ్డు లేకుండా వచ్చి తగులుతాయి. స్టెయిన్‌లెస్, అల్యూమినియం అద్దాల్లా వాటిని తిప్పి కొడతాయి. మెడ దగ్గర గుండీ ఊడిన చొక్కా వేసుకుంటే సాయంత్రానికి ఆ ఆకారంలోనే చర్మం కమిలిపోతుంది. ముదురు రంగు నిండు చేతుల కాటన్ చొక్కా వేసుకోవాలి. కళ్లకు కొడితే అప్పుడే తెలియదు. ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత, అర్ధరాత్రి నిద్రలో, కళ్లల్లో ఇసుక పోసినట్టు మంట మొదలవుతుంది. చనుబాలు పిండటం, ఆలుగడ్డ ముక్కలు పెట్టడం లాంటివి మానండి. దెబ్బతిన్న కంటిపొరకు సూక్ష్మక్రిములను మనమే అందించినట్టవుతుంది. చల్లటి తడిగుడ్డ కప్పి, తెల్లవారగానే కంటి డాక్టరు దగ్గరికి పోవాలి.

ఆటోమేటిక్ హెల్మెట్ ఉన్నవాళ్లు ఒకటి గమనించాలి. 10, 15 ఆంప్స్ లాంటి సన్న ఆర్క్‌ను కొన్ని చవక హెల్మెట్లు గుర్తుపట్టవు. అద్దం ఒక క్షణం నల్లబడి, మళ్లీ తెల్లబడుతుంది. పైపు కింద వంగినప్పుడు సెన్సార్‌కు పైపే అడ్డమొచ్చినా ఇదే జరుగుతుంది. సెన్సిటివిటీ పెంచండి, అయినా మిణుకుమంటే ఆ హెల్మెట్ టిగ్‌కు పనికిరాదు. నీడ నంబరు (అద్దం ఎంత ముదురో చెప్పే షేడ్ నంబరు) మామూలు పనులకు 10 నుంచి 12 మధ్య పెట్టుకోవాలి.

పొగ తక్కువే గానీ లేకుండా పోలేదు. స్టెయిన్‌లెస్ పొగలో క్రోమియం ఉంటుంది. గాలిలోని ఆక్సిజన్‌ను ఆర్క్ అతినీలలోహిత కిరణాలే ఓజోన్‌గా మారుస్తాయి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో వెల్డింగ్ పొగనూ, వెల్డింగ్ అతినీలలోహిత కిరణాలనూ క్యాన్సర్ కలిగించే వాటిలో మొదటి వర్గంలో చేర్చింది. తల మంట మీదకు వంచకుండా కూర్చోవడం, పొగను పక్కకు లాగే ఏర్పాటు చేసుకోవడం అందుకే. పని తుడవడానికి ట్రైక్లోరోఇథిలిన్ లాంటి క్లోరిన్ కలిసిన ద్రావకాలు, కొన్ని రకాల బ్రేక్ క్లీనర్లు అసలు వాడొద్దు. వాటి ఆవిరి మీద ఆర్క్ వెలుగు పడితే ఫాస్జీన్ పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీద వదిలిన గ్యాస్ అది. అసిటోన్‌తో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, డబ్బా మూతపెట్టి దూరంగా పెట్టాకే ఆర్క్ కొట్టండి.

ఇక ఆర్గాన్. విషం కాదు, వాసన లేదు, మండదు. మనం పీల్చే గాలిలోనే దాదాపు ఒక శాతం ఉంది. అందుకే ఎవరూ భయపడరు. స్టెయిన్‌లెస్ పైపు లోపలి వైపు ఆక్సైడ్ పట్టి పంచదార పలుకుల్లా గరుకుగా కాకుండా, పైపు లోపల కూడా ఆర్గాన్ నింపుతాం. పర్జింగ్ అంటాం. పెద్ద పైపు, ట్యాంకు, గుంట అయితే ఆ ఆర్గాన్ బరువుకి అడుగున చేరి అక్కడే ఉంటుంది. గాలిలో మామూలుగా 20.9 శాతం ఆక్సిజన్. 19.5 కన్నా దిగితే చాలు, లోపలికి పోకూడని చోటుగా లెక్క. అడుగున అది ఏ రెండు మూడు శాతమో ఉండొచ్చు. అక్కడ తల పెట్టిన మనిషి రెండు మూడు శ్వాసల్లో కూలిపోతాడు.

ఊపిరాడకపోతే తెలియదా అని కొత్తవాళ్లు అడుగుతారు. తెలియదు. ఊపిరి బిగపడితే మనకు కలిగే ఆ తపన ఆక్సిజన్ తగ్గినందుకు వచ్చేది కాదు, ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకున్నందుకు వచ్చేది. ఆర్గాన్ పీలుస్తున్నప్పుడు కార్బన్ డయాక్సైడ్ మామూలుగానే బయటికి పోతుంటుంది. ఒంటికి అనుమానమే రాదు. దగ్గు రాదు, గొంతు మండదు, నేరుగా స్పృహ పోతుంది. పైనుంచి చూసినవాడు వేడికి కళ్లు తిరిగాయేమో అనుకుని గబగబా దిగుతాడు. అతనూ పడిపోతాడు. ఇలాంటి చోట్ల రెండో ప్రాణం, మూడో ప్రాణం పోయేది అలా సాయానికి దిగినప్పుడే.

కాబట్టి పర్జ్ చేసిన ట్యాంకులోకి, పైపులోకి దిగేముందు గాలి బ్లోయర్ పెట్టి అడుగు నుంచి ఖాళీ చేయించాలి. ఆక్సిజన్ మీటరును తాడుకు కట్టి పైన, మధ్యలో, అడుగున మూడు చోట్లా చూడాలి. లోపల పనిచేస్తున్నంతసేపూ మీటరు ఒంటిమీదే ఉండాలి. బయట ఒక మనిషి ఆ పని మీదే ఉండాలి, అతని చేతిలో లోపలి మనిషి నడుముకు కట్టిన తాడు ఉండాలి. ఏమైనా జరిగితే అతను దిగకుండా పైకి లాగాలి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్‌లోనే ఇలాంటి చోట్లకు దిగాలంటే, లోపలి గాలిని పరీక్షించి అర్హుడు రాసిచ్చిన ధ్రువపత్రం ఉండాలని, లేదా శ్వాస పరికరం, బయటి మనిషి పట్టుకునే తాడు కట్టిన నడుము పట్టీ ఉండాలని రాసి ఉండేది. టీ తాగడానికి బయటికొచ్చేటప్పుడు టార్చ్‌ను ట్యాంకులో వదిలి రావద్దు. వాల్వ్ సన్నగా కారుతుంటే అరగంటలో ఆ అడుగు నిండిపోతుంది.

సాయంత్రం పది నిమిషాలు

టార్చ్ బాగోగులు పెద్ద విద్యేమీ కాదు, కానీ రోజూ చేయాలి. కప్పు తీసి అంచు చూడండి. పెచ్చు ఊడిన కప్పు గ్యాస్‌ను ఒక పక్కకు నెడుతుంది. లోపల అంటిన చిటపటల మసి గీకేయండి. కొలెట్ చీలికలు మెలితిరిగి ఉంటే అది టంగ్‌స్టన్‌ను గట్టిగా పట్టదు, పట్టు వదులైన చోట వేడి పుట్టి కొలెట్ బాడీకి అతుక్కుపోతుంది. బ్యాక్ క్యాప్‌ను చేత్తో బిగించాలి, పట్టకారుతో కాదు. కప్పు వెనకుండే తెల్లటి ఇన్సులేటర్ లేకుండా పని నడిపేవాళ్లున్నారు. అది లేకపోతే గ్యాస్ లీకవుతుంది, వేడి నేరుగా టార్చ్ తలకు తగులుతుంది. గొట్టం మెడ దగ్గర మడతపడి పగుళ్లు వచ్చాయేమో వంచి చూడండి.

నీళ్ల టార్చ్ అయితే ఇంకో జాగ్రత్త. అందులో కరెంటు తీగ నీళ్ల గొట్టం లోపలే పోతుంది. నీళ్లు తిరుగుతున్నాయి కాబట్టే అంత సన్నటి తీగ అంత కరెంటు మోస్తోంది. నీళ్లు ఆగితే అది క్షణాల్లో కాలిపోతుంది. బోరు నీళ్లు పోస్తే లోపల సున్నం పట్టి మెల్లగా దారి మూసుకుపోతుంది. శుద్ధి చేసిన నీళ్లో, కూలెంటో పోయండి. మిషన్ ఆన్ చేయగానే తిరుగు గొట్టంలోంచి నీళ్లు తొట్టిలో పడుతున్న ధార కంటితో చూశాకే ఆర్క్ కొట్టండి.

చివరికి సిలిండర్ వాల్వ్ మూసి, టార్చ్ స్విచ్ నొక్కి గొట్టంలో మిగిలిన గ్యాస్ వదిలేసి, రెగ్యులేటర్ ముల్లు సున్నాకు వచ్చాక దాని పిడి వదులు చేసి, మిషన్ ఆపుతాం. మా మేస్త్రీ ఆ రోజు నా చేతిలో పెట్టిన పగిలిన రింగు ఇప్పటికీ నా టూల్ బాక్స్ మూత లోపల మేకుకు వేలాడుతోంది. దాని పక్కనే చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పది కొత్త రింగులుంటాయి. తొమ్మిది మిగలగానే ఇంకోటి తెచ్చి వేస్తాను.